జరంత ముందట

మొన్న ఆదివారం ఇద్దరు ఆఫీసు స్నేహితులతో కలిసి ఒక కోట చూడడానికి బయల్దేరాను. కారు నాది, నడిపేది నేను, ప్రణాళిక కూడా నాదే. ఎండ రాకముందే నార్సింగి దాటాలి, టిఫిన్ హైవే మీద, ఎండ ముదిరేలోపు కోట, ఆ తరవాత భోజనం, చీకటి పడేలోపు పుప్పాలగూడలో ఇల్లు. అన్నీ అనుకున్నట్టే జరుగుతుండగా ఒక చిన్న ఊరు వచ్చింది. నేరుగా పోతే బైపాస్, ఎడమకు తిరిగితే ఊళ్లోకి పోయే పాత రోడ్డు. నా చెయ్యి దానంతటదే ఎడమ ఇండికేటర్ వేసింది.

"బ్రో, స్ట్రెయిట్ కదా?" అన్నాడు వెనక సీట్లో ఉన్నవాడు.

"తెలుసు."

"మరి?"

కారు అప్పటికే తిరిగిపోయింది. మ్యాప్‌లోని ఆడగొంతు వెనక్కి మళ్లమని బతిమాలడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది. వాడి మీదా, ఆ గొంతు మీదా కాదు. నెల కిందట చనిపోయిన ఒక పెద్దాయన మీద. బైపాస్ కనబడితే చాలు, పక్కకు తిరిగి ఊళ్లో దూరే ఈ జబ్బు నాకు అంటించింది ఆయనే. పైగా ఆయన పోయాడన్న కబురు చెప్పాల్సిన మనిషి ఒకాయన ఈ ఊళ్లో ఉన్నాడు. ఆ పని కూడా నా నెత్తినే పడింది.

ఆయనది మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు. రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వే పార్టీలతో తిరిగి, గొలుసులూ టేపులూ పట్టుకుని, ఉద్యోగమంతా రోడ్లు కొలిచిన మనిషి. ఈ సంగతి తెలిసినప్పుడు నేను సంబరపడ్డాను. ఉజ్జాయింపుగా మాట్లాడేవాళ్ల మధ్య బతుకుతున్న నాకు కొలతలు తెలిసిన మనిషి ఒకడు దొరికాడనుకున్నాను. ఆ సంబరం మొదటి ప్రయాణంలో ఔటర్ రింగ్ రోడ్డు దాటేదాకా కూడా నిలవలేదు.

"అంకుల్, ఇంకెంత దూరం?"

"గిదే. జరంత ముందట."

ఆ జరంత ఒకసారి పెట్రోలు బంకు పక్క సందు అయింది. ఇంకోసారి జిల్లా మారిపోయింది. "కిలోమీటర్లలో చెప్పండి అంకుల్" అంటే, "కిలోమీటర్లల్ల ఏమున్నది ఇంజినీర్ సాబ్, నడుపుతుంటె అదే వస్తది" అనేవాడు. కుడి, ఎడమ అనే మాటలు ఆయన నోట వచ్చేవి కావు. వేలు పెట్టి చూపించేవాడూ కాదు. అరచెయ్యి మొత్తం తెరిచి, కారు అద్దం మీద దుమ్ము తుడుస్తున్నట్టు ముందుకు ఊపి "గట్ల" అనేవాడు. ఆ ఊపులో కనబడే రోడ్లన్నీ ఇమిడిపోయేవి. అందులో మాది ఏదో ఎన్నుకోవలసింది నేను. తప్పు రోడ్డు ఎక్కితే "ఇది గూడ మంచిగనె ఉన్నది" అనేవాడు.

నేను ఆయనకు డ్రైవరు కావడానికి కారణం ఆయన కన్ను. కంటి ఆపరేషన్ అయ్యాక బండి నడపొద్దని డాక్టర్ చెప్పాడు. ఆ వారమే వాళ్ల ఆవిడ నన్ను లిఫ్ట్ దగ్గర పట్టుకుంది.

"బిడ్డ, ఆదివారం నీకేం పని?"

ఆదివారం నాకున్న పని ఒక్కటే. కూకట్‌పల్లిలో మా అమ్మానాన్నల ఇంటికి వెళ్లి, అమ్మ ఫోనులో చూపించే పెళ్లికూతుళ్ల ఫొటోలకు వంకలు చెప్పడం. ఆ మాట ఆవిడతో ఏం చెప్తాం? "పెద్దగా ఏం లేదండి ఆంటీ" అన్నాను.

"అయితె మీ అంకుల్‌ను జర అట్ల తిప్పుకరా. ఇంట్ల కూసుంటె నా పానం తీస్తున్నడు. పొద్దున పోయి, పొద్దుమూకినంక రాండ్రి."

"మీరు కూడా రండి ఆంటీ."

"నేనా? ఆయన ఎంబడి ఒక్కపారి పోయిన, పెండ్లయిన కొత్తల. ఇగ సాలు."

ఆవిడ అన్నది హాస్యానికి అనుకున్నాను. నిజమని తరవాత తెలిసింది.

మొదటి ఆదివారానికి నేను పద్ధతిగా తయారయ్యాను. ఏ ఊరు, అక్కడ ఏం చూడాలి, ఎక్కడ తినాలి, ఎప్పుడు తిరిగి రావాలి, అన్నీ ఫోనులో రాసి ఆయనకు చూపించాను. ఆయన ఫోనును చెయ్యి చాచి దూరంగా పెట్టి, మొహం చూసుకునే అద్దంలా అటూ ఇటూ వంచి, మొత్తం చదివాడు.

"మంచిగ రాసినవ్. గిండ్ల పండుకునుడు ఏడున్నది?"

"పడుకోవడమా?"

"తిన్నంక పండుకోవద్దా?"

చేర్చాను. ఆ తరవాత నేను రాసినవాటిలో క్రమం తప్పకుండా జరిగింది అదొక్కటే. చిన్న రైల్వే స్టేషన్‌లో సిమెంటు బల్ల మీద పడుకునేవాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఫంక్షన్ హాలు వరండాలో పడుకునేవాడు. ఒకసారి కటింగ్ షాపు కుర్చీలోనే పడుకున్నాడు. కటింగ్ షాపు సంగతి వేరే చెప్పాలి. ఆయన తల మీద చెవుల పక్కన తప్ప జుట్టు లేదు. అయినా ఏ ఊరు వెళ్లినా అక్కడి కటింగ్ షాపులో కూర్చోవలసిందే. ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయనేవాడు. కూర్చుని ఏం అడిగేవాడు? ఏమీ అడిగేవాడు కాదు. మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టగానే కళ్లు మూతలు పడేవి. ఊరి సంగతులన్నీ బయట బల్ల మీద కూర్చున్న నేను వినేవాణ్ణి. ఎవరి బోరు ఎండిపోయింది, ఎవరి కొడుకు పోలీసు పరీక్షలో తప్పాడు, ఎవరి గేదె ఎవరి మక్కచేనులో పడింది. లేచాక కార్లో అడిగేవాడు, "ఏమంటుండ్రు?" అని. నేను చెప్పేవాణ్ణి. "అట్లనా" అని మళ్లీ నిద్రపోయేవాడు.

ఏసీ వేయనిచ్చేవాడు కాదు. "పోయేది ఊర్లు సూడనీకి గద, అద్దాలు సూడనీకా? దించు." మ్యాప్ గొంతు వినబడితే "ఆ పిల్లను జర చాయ తాగి రమ్మను" అని దాని నోరు మూయించేవాడు. ఎక్కడ సంత కనబడినా దిగి చీపుర్లు కొనేవాడు. వాళ్లింట్లో ఎన్ని చీపుర్లు పేరుకున్నాయో ఆంటీకే తెలియాలి. సోమవారం నాతో ఆఫీసుకు వచ్చేవాళ్లు ప్యాంట్ల మీద చీపురు పూత దులుపుకుంటూ లిఫ్ట్ ఎక్కేవాళ్లు.

అన్నిటికన్నా నన్ను వేధించింది బైపాస్. ఎన్ని ఊళ్లు తగిలినా ఒక్క బైపాస్ ఎక్కనిచ్చేవాడు కాదు. "అది లారీలకు" అనేవాడు. కాబట్టి ప్రతి ఊళ్లోనూ పాత రోడ్డు పట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరి పడుతూ, నడిరోడ్డు మీద పడుకున్న కుక్కల చుట్టూ తిరిగి, సగం షట్టర్ దించిన బట్టల కొట్లూ జిరాక్సు షాపులూ దాటుకుంటూ పోవాలి. మధ్యాహ్నం ఆ ఊళ్లలో ఎవరికీ ఏ తొందరా ఉండదు. బస్సులు బైపాస్ మీదే మనుషులను దించి పోతాయి కాబట్టి పాత బస్టాండు ఆటోల నిద్రకు మిగిలి ఉంటుంది. ఆయన కిటికీలో మోచెయ్యి పెట్టుకుని ఒక్కో షాపునూ చూసుకుంటూ, మూసేసినవాటి దగ్గర "జర ఆపు" అనేవాడు. చూసేవాడు. "నడువు" అనేవాడు. ఏం చూశాడో చెప్పేవాడు కాదు.

ఊళ్లు వారం వారం మారేవి. ఒక ఊరు మాత్రం నెలకోసారి తప్పకుండా వచ్చేది. దాని పేరు రాయను. అక్కడి హోటలాయనకు ఇష్టం ఉండదు.

పాత బస్టాండుకు ఎదురుగా రేకుల కప్పు హోటల్ అది. పెనం వీధి వైపే ఉంటుంది, దాని వెనక ఆయన. మేం మొదటిసారి వెళ్లి కూర్చోగానే నా దగ్గరికి వచ్చి "ఏం గావాలె?" అన్నాడు.

"రెండు దోసెలండి."

"నీకొకటి. సార్‌కేం గావాల్నో అడుగు."

సార్ నాకు ఎదురుగా, ఆయనకు జానెడు దూరంలో కూర్చుని ఉన్నాడు. నాకు అర్థం కాలేదు. "అంకుల్, మీకేం కావాలి?" అన్నాను.

"దోసెనే" అన్నాడు అంకుల్, మామూలుగా.

హోటలాయనకు ఆ మాట వినబడింది. వినబడిందని ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. అయినా నా వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఆయనకూ దోసెనండి" అని నేను చెప్పాకే కదిలాడు.

నా దోసె బంగారు రంగులో, అంచులు కరకరలాడుతూ వచ్చింది. అంకుల్ దోసె నల్లగా వచ్చింది. మధ్యలో కూడా నల్లగానే ఉంది. మార్చమని నేను పిలవబోతే అంకుల్ బల్ల కింద నా మోకాలు నొక్కాడు.

"మాడిపోయింది కదా అంకుల్!"

"జరంత" అన్నాడు. చట్నీ అద్దుకుని మొత్తం తిన్నాడు.

తరవాతి నెలా అంతే. ఆ పై నెలా అంతే. కావాలని మాడ్చి పెట్టడం, ఈయన తినడం. "సార్‌కు ఇంకింత చట్నీ గావాల్నా అడుగు." "సాలని చెప్పు." "సార్ చాయ ఇప్పుడే తాగుతడా, జరసేపైనంకనా?" "జరసేపైనంక." ఒక గదిలో పక్కపక్కన పెట్టిన రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి మూడో దాన్ని పెట్టుకుంటే దాని గతి ఏమిటో నాకు అక్కడ తెలిసింది. ఇంతకూ సంగతేమిటని అడిగితే అంకుల్ అరచెయ్యి ఊపి "గట్ల పోనియ్యి" అన్నాడు. నేను అడిగిన దాన్ని వదిలెయ్యమంటున్నాడనుకున్నాను. కాదు, కారును అటు పోనిమ్మన్నాడు.

ఊరి చివర మట్టిదారిలో కొంత పోయాక ఒక కట్టడం ఉంది. ముందు విశాలమైన వరండా, పది మంది ఒకేసారి ఎక్కగలిగే మెట్లు, పైన పెద్ద బోర్డు పెట్టడానికి కట్టిన గోడ. మెట్లు దిగితే మక్కచేను. రోడ్డు లేదు. లోపల చొప్ప, రెండు మేకలు. ఎవరో ఒక హోటల్‌ను ఎత్తుకొచ్చి చేను వైపు తిప్పి పెట్టి పోయినట్టు ఉంటుంది.

దాని కథ ఆయన నాకు ముక్కలు ముక్కలుగా, వెనకది ముందు, ముందుది వెనక చెప్పాడు. వరసలో పెట్టుకున్నది నేను. ఆ ఊరికి బైపాస్ వేయాలనుకున్నప్పుడు సర్వే పార్టీతో వచ్చి ఈయన నెలల తరబడి అక్కడే ఉన్నాడు. మూడు పూటలా ఈ హోటల్లోనే తిండి. హోటలాయనతో దోస్తీ కుదిరింది. బైపాస్ వస్తే బస్టాండు ముందున్న హోటల్ ఎండిపోతుందని ఆయన భయపడుతుంటే, ఒక సాయంత్రం ఈయన అతన్ని ఒక డాబా మీదికి తీసుకెళ్లి, రోడ్డు గీత వెంట పాతిన ఎర్రరాళ్లను వేలు పెట్టి చూపించాడు. రోడ్డు ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరి చేను ఏ మూల ఎన్ని గజాలు తగులుతుందో లెక్కకట్టి చెప్పాడు. హోటలాయన ఆ మూల కొన్నాడు. కట్టడం మొదలుపెట్టాడు. తరవాత పైవాళ్లు గీత మార్చారు. ఎర్రరాళ్లు పీకి ఊరికి అవతలి వైపు పాతారు. రోడ్డు అటు నుంచి వచ్చింది.

"అది మీ తప్పు కాదు కదా అంకుల్. గీత మార్చింది మీరు కాదు."

"నేను కాదు."

"మరి?"

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"మార్చిండ్రని నాకు ముందుగాల్నె ఎరికైంది. అప్పటికి నన్ను వేరే క్యాంపుకు ఏసిండ్రు. బస్సుల పోతున్న. బస్సు గీడ ఆగింది, హోటల్ ముందట. కిటికిలకెళ్లి చూస్తె ఈయన సిమెంటు బస్తాలు బండిల ఏపిస్తున్నడు. ఇంకా పిల్లర్లే లేసినయి. దిగి ఒక్క మాట చెప్తె అయిపోతుండె."

"దిగలేదా?"

"దిగలే. ఇంకింత పక్కా అయినంక చెప్దామనుకున్న. జర ఆగి. గంతల్నె స్లాబ్ పడ్డది."

అప్పటి నుంచి ఆయన ఎవరికీ దూరం చెప్పలేదని ఆంటీ తరవాత నాతో అంది. అంతకుముందు గజాలతో సహా చెప్పేవాడట. కూరగాయల బజారు ఎంత దూరమో అడిగినా. పెళ్లయిన కొత్తలో ఆవిడ వెళ్లిన ఆ ఒక్క ప్రయాణం కూడా ఈ మక్కచేను దగ్గరికేనట. దూరం నుంచి చూసి, హోటల్ దాకా పోకుండానే వెనక్కి తిప్పుకొచ్చాడట.

రిటైరయ్యాకే ఆయనకు ఈ హోటల్లో అడుగుపెట్టే ధైర్యం వచ్చింది. నేను తోడు రాకముందే బండి మీద వచ్చి అడుగుపెట్టాడు, కానీ హోటలాయన మాట్లాడలేదు. నాకు విసుగొచ్చి ఒకసారి కార్లో అడిగేశాను. "క్షమించమని అడిగి తేల్చుకోవచ్చు కదా? ప్రతి నెలా ఈ మాడు దోసె ఏమిటి?"

"అడిగిన. మొదట వచ్చిన్నాడే."

"ఏమన్నాడు?"

"దోసె పెట్టిండు."

"మరింక ఎందుకు వెళ్లడం?"

"ఆయన నన్ను ఇంకా తిట్టలేదు ఇంజినీర్ సాబ్. అప్పుడు తిడదామంటె నేను దొరకలే. ఇప్పుడు ఎన్నడు తిట్టబుద్ధయితదో ఏమో. ఆ పూట నేను కండ్ల ముందట ఉండాలె గద."

తిట్లు తినడానికి నెలనెలా కారులో పోయే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయనకు కావలసింది అంతే. ఒక్కసారి ఆ మనిషి నోరు తెరిచి, మధ్యలో నేను లేకుండా, తనను తిట్టాలి. దానికోసం మాడు దోసెలు తిన్నాడు. నా ఆదివారాలు తిన్నాడు.

ఒక ఆదివారం నా ఓపిక అయిపోయింది. ఆ రోజు ప్రయాణం పొద్దుటి నుంచీ వంకరగానే నడిచింది. బయల్దేరాక టోపీ కోసం వెనక్కి వచ్చాం. జరంత ముందట అన్న చెరువు ఎంతకూ రాలేదు. హోటల్లో కూర్చున్నాక హోటలాయన చట్నీ గిన్నెతో వచ్చి "పల్లి చట్నీనా, అల్లందా, సార్‌ను అడుగు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఏమండీ, ఇంక నా వల్ల కాదండి. ఆయన మీ ఎదురుగానే ఉన్నారు. మీకు చెవులున్నాయి, ఆయనకు నోరుంది. మీరూ మీరూ తేల్చుకోండి. తిడతారా, తిట్టండి. కొడతారా, కొట్టండి. చట్నీ కోసం నన్ను మధ్యలో పెట్టకండి!"

పక్క బల్ల మీది ఆటో డ్రైవరు నోట్లో మిర్చితో అలాగే ఉండిపోయాడు. అంకుల్ తల దించుకున్నాడు. హోటలాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"పిలగాడు కోపంల ఉన్నడు. చాయల చక్కెర జర ఎక్కువేస్తె తగ్గుతదేమో సార్‌ను అడుగు."

నా కోపం తగ్గుతుందేమో నేనే కనుక్కోవాలట. నేను అంకుల్ వైపు తిరిగాను. ఆయన మీసాల కింద నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఎయ్యమను."

"వెయ్యమంటున్నారండి" అన్నాను.

ఆ పూట మాత్రం హోటలాయన పెదవి కొంచెం వంకర తిరిగింది. అంకుల్ దానికి సంతోషించి తిరుగు దారంతా నిద్రపోలేదు. "చూసినవా, నవ్విండు" అన్నాడు. "నవ్వలేదండి" అన్నాను. "నవ్విండు. జరంత" అన్నాడు.

ఆ నవ్వు మీద ఇంకేదో కట్టుకుంటున్నట్టు తరవాతి ఆదివారం కోసం ఆయన సోమవారం నుంచే అడగడం మొదలుపెట్టాడు. గురువారం పొద్దున పాలప్యాకెట్ తేవడానికి వెళ్లి గేటు దగ్గర కూలబడ్డాడు. గుండె. దవాఖానకు చేరేలోపే పోయాడు. నేను అప్పుడు ఆఫీసులో మీటింగులో ఉన్నాను. వాచ్‌మన్ ఫోను చేస్తే రెండుసార్లు కట్ చేశాను, ఆ పూట ఇంటి దగ్గరే వదిలొచ్చిన కారు అడ్డంగా ఉంది తియ్యమంటాడేమోనని. కర్మకాండలన్నీ అయిపోయాక ఆంటీ నాతో అంది, "ఆ హోటలాయనకు ఎరికైందో లేదో. నువ్వు అటు పోతె జర చెప్పు బిడ్డ."

సరేనన్నాను. ఈ కోటకు ఆ దారిన వెళ్లాలని నిర్ణయించింది నేనే. ఊరు దగ్గరపడే కొద్దీ, వెనకవాళ్లకు ఆలస్యమవుతుంది, ఇంకోసారి వచ్చి చెప్పొచ్చులే, నేరుగా బైపాస్ ఎక్కేద్దాం అని నచ్చజెప్పుకున్నదీ నేనే. చెయ్యి వినలేదు.

పాత బస్టాండు ముందు కారు ఆపాను. మిత్రులు ఏసీ వదిలి దిగేది లేదన్నారు. అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చున్నారు. పెనం వెనక నుంచి హోటలాయన నా కారును చూశాడు. నేను రోడ్డు దాటి వచ్చేసరికి పెనం మీద రెండు దోసెలు పోసి ఉన్నాయి.

నేను ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. ఆయన నా భుజం మీదుగా కారు వైపు చూశాడు.

"సార్ దిగుతలేడేంది? మోకాళ్లు పట్టుకున్నయా?"

తిండి సంగతి కాకుండా అంకుల్ గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

"అంకుల్ చనిపోయారండి. నెల అయింది."

ఆయన అట్లకాడతో నా దోసె తీసి, మడిచి, ప్లేటులో పెట్టి నా ముందు పెట్టాడు. చట్నీ పోశాడు. ఏ చట్నీ అని అడగలేదు. రెండోది పెనం మీదే ఉంది.

"గుండెనా?"

"అవునండి."

"బాధపడ్డడా?"

"లేదండి. వెంటనే."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. వచ్చి నా ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. "సార్‌కు చెప్పు" అనలేదు.

"బస్సులకెళ్లి నువ్వు చూసినవు. నిన్ను నేను గూడ చూసిన" అన్నాడు కుర్చీతో. "కిటికి పక్కన కూసున్నవు. బస్తా కింద పెట్టి చెయ్యి ఎత్తిన. మొహం అటు తిప్పుకుంటివి. నేనేమో పాపం నిద్రల ఉన్నడనుకున్న. రాళ్లు పీకినంక తెలిసింది నిద్ర కాదని."

గొంతు పెరిగింది. ఆటో డ్రైవర్లు లేచి కూర్చున్నారు.

"రోడ్డు అటు పోతె పోయింది. సర్కారు రోడ్డు, నీ అయ్య రోడ్డా? నిన్ను నేను రోడ్డు అడిగిన్నా? నా చేతి కూడు మూడు పూటల తిన్నోనివి, చెయ్యి ఎత్తితె మొహం తిప్పుకుంటవా? సిగ్గు లేదు? గిది అడుగుదామంటె వచ్చి కూసుంటవు, దోసె తింటవు, నవ్వుతవు, పోతవు. ఇయ్యాల కాదు, వచ్చే నెల అడుగుదామనుకున్న. వస్తనే ఉంటడు గదా అనుకున్న. ఎన్నడన్న తొందరపడ్డవా నువ్వు? ఒక్క పనికన్న తొందరపడ్డవా? గిప్పుడెందుకు తొందర?"

నాకు ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది. ఇన్ని నెలలు వాళ్ల మధ్య నేను మోసింది చట్నీ, చక్కెర. మొయ్యవలసిన మాట ఇది. ఒక్క ఆదివారం ముందు అని ఉంటే ఆ మనిషి ఈ కుర్చీలో కూర్చుని, తల దించుకుని, ఒక్కో మాటా దండలా మెడ నిండా వేసుకుని, ఇంటికి పోయే దారంతా నిద్రపోకుండా నాకు మళ్లీ మళ్లీ చెప్పేవాడు. "చూసినవా, తిట్టిండు" అనేవాడు.

బయట కారు హారన్ కొట్టారు. నేను తిరిగి చూడలేదు.

హోటలాయనకు వాసన తగిలి పెనం దగ్గరికి పరిగెత్తాడు. రెండో దోసె నల్లగా అంటుకుపోయింది. గీకి తీశాడు. బకెట్‌లో వేయబోయి, చెయ్యి ఆగి, దాని వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇది సార్‌ది" అన్నాడు మెల్లగా.

"ఇటివ్వండి."

"వద్దు బిడ్డ. నీది నువ్వు తిను."

"ఇవ్వండి."

తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముక్క తుంచి చట్నీ అద్ది నోట్లో పెట్టుకున్నాను. బొగ్గు రుచి నాలుక వెనక దాకా పాకింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, గొంతులో దిగడానికి మంచినీళ్లు తాగవలసి వచ్చింది. ఇలాంటివి ఆయన నెలనెలా మొత్తం తిన్నాడు. ఆ చేదు ఎంతో ఒక్కనాడూ సరిగ్గా చెప్పలేదు.

హోటలాయన ఖాళీ కుర్చీ వీపు పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు.

"మస్తు చేదున్నదా?"

"జరంత" అన్నాను.